బంధువుకు ఒక పని

ఈ పూట మన పడమటి నెల్లూరు సంగతి మాట్లాడుకుందాం. ఉదయగిరి, ఆత్మకూరు, వాటి చుట్టూ ఉన్న పల్లెల్లో మనుషులు ఎప్పుడు ఒకచోట చేరుతున్నారు, చేరి ఏం చేస్తున్నారు అన్నదే మన విషయం. ఎవరిని కదిలించినా ఒకటే మాట వినిపిస్తుంది. 'ఇదివరకటి మాదిరి బంధువులు కలవడం లేదండీ, రాకపోకలు తగ్గిపోయాయి' అంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో నిదానంగా చూద్దాం. మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయంటే ఆత్మకూరు బస్టాండు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పట్టుచీరలు, చంకన పసిపిల్లలు, చేతుల్లో రంగు కాగితం చుట్టిన కానుకలు. బస్సు వచ్చి ఆగితే కాలు పెట్టే చోటుండదు. కల్యాణ మండపం ఆ రోజుల్లో ఖాళీ దొరకాలంటే ఎంతో ముందుగా అడ్వాన్సు ఇచ్చుకోవాలి. పెళ్లి ఒక్కటే కాదు. ఆడపిల్లకు ఓణీల ఫంక్షను, మగపిల్లవాడికి పంచెల ఫంక్షను, పసివాడికి మొదటి పుట్టినరోజు, కొత్తింటికి గృహప్రవేశం. మన తాతల కాలంలో ఇన్ని వేడుకలు ఇంత పెద్ద ఎత్తున లేవు. అందువల్ల కలవడం తగ్గిందనే మాట సరికాదని నా అభిప్రాయం. కలుస్తూనే ఉన్నాం. తగ్గింది వేరొకటి. కలిసి పని చేయడం తగ్గింది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. కలవడం తగ్గలేదు, కలిసి పని చేయడం తగ్గింది. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు ఒక ఫంక్షను ఎలా నడుస్తుందో చూడండి. షామియానా వేసేవాళ్లు ఒకరు. పూల అలంకరణ ఇంకొకరు. వంట కాంట్రాక్టు మరొకరిది. వడ్డించడానికి యూనిఫారాలు వేసుకున్న కుర్రాళ్లు వస్తారు. బంధువు మండపంలోకి వస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు. తన వంతు వచ్చినప్పుడు వేదిక ఎక్కి అక్షింతలు వేస్తాడు. ఫోటో దిగుతాడు. కవరు ఇస్తాడు. భోజనం చేసి, తాంబూలం సంచి తీసుకుని బస్సెక్కుతాడు. గంపలో పెళ్లికూతుర్ని తెచ్చే ఆ కాసేపు తప్పిస్తే, మేనమామ చేసేదీ ఇదే. నిన్నగాక మొన్న పరిచయమైన ఆఫీసు స్నేహితుడు చేసేదీ ఇదే. ఇద్దరికీ ఒకటే కుర్చీ, ఒకటే ఫోటో, ఒకటే భోజనం. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. పెళ్లి ఇంకా పది రోజులుందనగానే ఇంట్లో అలికిడి మొదలయ్యేది. కొందరు పసుపు దంచేవాళ్లు. బియ్యం చెరిగేవాళ్లు అరుగు మీద చేరేవాళ్లు. మోదుగాకులు తెచ్చి విస్తళ్లు కుట్టేవాళ్లు. గుండిగలు ఒక ఇంటి నుంచి, గంగాళం మరో ఇంటి నుంచి, నులకమంచాలు వీధిలో అందరిళ్ల నుంచి వచ్చేవి. పందిరికి గుంజలు పాతడానికి, తాటాకు కప్పడానికి వరసైన కుర్రాళ్లు దిగేవాళ్లు. ఎవరి గుండిగ వచ్చిందో ఆ మనిషి పెళ్లిలో ఉన్నట్టే. గుండిగ తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు అందులో నాలుగు లడ్లు, గుప్పెడు బూందీ పెట్టి పంపేవాళ్లు. అప్పుడు మళ్లీ ఒక పలకరింపు. అంటే వేడుక పెళ్లినాటితో అయిపోయేది కాదు. ముందు పది రోజులు, వెనక పది రోజులు పని ఉండేది. ఆ పనిలోనే బంధుత్వం ఉండేది.

ఇది ఎక్కడైనా జరుగుతున్నదే కదా, ఉదయగిరి, ఆత్మకూరు సంగతి ప్రత్యేకంగా చెప్పడం ఎందుకని మీరు అడగవచ్చు. కారణం ఉంది. సంగం దగ్గర పెన్నకు 19వ శతాబ్దంలోనే ఆనకట్ట కట్టారు. దాని కింద కాలువలు పారాయి. నీళ్లు పారిన చోట పంట ఉంటుంది, పంట ఉన్న చోట మనుషులు నిలుస్తారు. మనది మాత్రం మెట్ట. వెలిగొండల కింద ఉన్న సీతారామపురం, ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు వైపు రైతుకు బోరు, చెరువు, పైన ఆకాశం, అంతే. ఆత్మకూరుకు దగ్గర్లోనే సోమశిల జలాశయం ఉన్నా ఎత్తున ఉన్న పొలాలకు దాని నీళ్లు ఎక్కడం కష్టం. అందుకే చదువుకున్న పిల్లలు బెంగళూరుకో, చెన్నైకో, హైదరాబాదుకో వెళ్లిపోతున్నారు. చదువు లేని వాళ్లూ పని వెతుక్కుంటూ అక్కడికే వెళ్తున్నారు. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం ఇటువైపుగా వేస్తున్నా, ఇంతకాలం మనకు దిక్కు బస్సే. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మనిషి ఊళ్లో ఉండేది ఒక పూటో రెండు పూటలో. కాలువ కింద పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు రోజూ గట్టు మీద ఎదురుపడతారు. మన మెట్టలో ఆ ఇద్దరూ ఎదురుపడేది ఫంక్షన్లోనే. కాబట్టి ఆ ఒక్క పూట వాళ్లు ఎలా గడుపుతారన్నది మనకు చిన్న విషయం కాదు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని సెల్‌ఫోన్లు చూసుకుంటే ఆ పూట పోయినట్టే. ఇద్దరూ కలిసి ఒక బంతికి వడ్డిస్తే ఆ పూట నిలుస్తుంది.

కలిసి చేసే పని మన ప్రాంతానికి కొత్త కాదు. మన బతుకే దాని మీద నడిచింది. పొగాకు సంగతి తీసుకోండి. కలిగిరిలో, డీసీపల్లిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. ఆ కేంద్రాలకు చేరే ప్రతి బేలు వెనకా ఒక బ్యారన్ ఉంది. పచ్చాకు కోయాలి, కర్రలకు కట్టాలి, బ్యారన్‌లో వరసగా వేలాడదీయాలి. ఆ తర్వాత రోజుల తరబడి, రాత్రీ పగలూ, వేడి చూసుకుంటూ మంట పెట్టాలి. వేడి ఎక్కువైతే ఆకు చెడుతుంది, తక్కువైతే రంగు రాదు. ఏ ఒక్క మనిషీ ఒంటరిగా చేయగల పని కాదిది. ఒకరి పొలానికి ఒకరు బదులుకు పోవడం మన రైతులు తరతరాలుగా ఎరిగిన పద్ధతి. ఈ రోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. దీన్ని ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోలేదు. కరువు నేర్పింది.

ఉదయగిరిలో ఇంకో ఉదాహరణ ఉంది. దిలావర్ భాయి వీధి. అక్కడి ముస్లిం కుటుంబాలు కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చేస్తారు. దుర్గం కొండల వైపు దొరికే నర్ది, బిక్కి లాంటి కొయ్య తెస్తారు. చెంచా పిడి మీద సన్నని తీగలు, పువ్వులు, జాలీ పని చెక్కుతారు. ఆ చెంచా ఒకటి చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాదు. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని మన జిల్లా అంతా గర్వంగా చెప్పుకోవాలి. అయితే నేను దీన్ని ఇక్కడ ఎందుకు తెచ్చానంటే, ఈ పని ఇళ్లల్లో జరుగుతుంది. ఒకరు కొయ్య కోస్తారు, ఒకరు ఆకారం తీస్తారు, ఒకరు ఆకురాయి పడతారు, ఒకరు చెక్కుతారు. ఆడవాళ్ల చేయి ఇందులో చాలా పెద్దది. పిల్లలకు ఎవరూ తరగతి పెట్టి నేర్పరు. పక్కన కూర్చుని చూస్తూ, చేతికి అందిన ముక్క మీద చేయి తిప్పుతూ నేర్చుకుంటారు. మిషన్లు చేసిన స్టీలు చెంచాలు ప్రతి అంగడిలో దొరికే ఈ రోజుల్లో కూడా ఈ విద్య బతికి ఉందంటే, దానికి ప్రభుత్వ సాయం ఒక కారణం కావచ్చు, కొనేవాళ్ల ఇష్టం ఒక కారణం కావచ్చు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇంట్లో వాళ్లు ఒకచోట కూర్చుని చేయడం. ఆ ఇళ్లల్లో మనుషులు కలుసుకోవడానికి వేరే ముహూర్తం అక్కర్లేదు.

ఇక ఊరందరూ చేరే చోట్లకు వద్దాం. మన ప్రాంతంలో ఏ తిరునాళ్ల నిలిచిందో, ఎందుకు నిలిచిందో చూస్తే నేను చెప్పే మాట ఇంకా తేటపడుతుంది. ఆత్మకూరుకు దగ్గర్లో అనుమసముద్రంపేట ఉంది, మనం ఏ.ఎస్. పేట అంటాం. అక్కడ ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా ఉంది. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. హిందువులు, ముస్లింలు అనే తేడా లేదు. వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోరు. దర్గా దగ్గర నిద్ర చేస్తారు, రోజుల తరబడి ఉంటారు. వండుకుంటారు, పక్కవాళ్లకు పెడతారు, ఎవరి కష్టం వాళ్లు పక్కవాళ్లకు చెప్పుకుంటారు. దుత్తలూరు మండలం నర్రవాడలో వెంగమాంబ పేరంటాలు తిరునాళ్ల జ్యేష్ఠంలో జరుగుతుంది. అక్కడ ఆడవాళ్లు చూడ్డానికి మాత్రమే రారు, తమ చేతులతో పొంగళ్లు పెట్టడానికి వస్తారు. ఇక నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. మన పడమటి మండలాల నుంచి కూడా ఎంతోమంది వెళ్తారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్న మనిషికి ఇస్తారు. పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె. తీసుకున్నవాళ్లు, కోరిక తీరితే, వచ్చే ఏడు తామే రొట్టె చేసి తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి. ఇందులో చూసేవాడు అంటూ ఎవరూ లేరు. ఇచ్చేవాళ్లు ఉన్నారు, తీసుకునేవాళ్లు ఉన్నారు, తీసుకున్న మనిషే రేపు ఇచ్చే మనిషి.

ఉత్సవంలో ప్రతి మనిషికీ ఒక వంతు ఉండాలన్నది నిన్నా మొన్నటి ఆలోచన కూడా కాదు. నెల్లూరు జిల్లా శాసనాలు సేకరించి బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. తాలూకాల వారీగా కూర్చిన ఆ పుస్తకంలో ఉదయగిరి, ఆత్మకూరు శాసనాలూ ఉన్నాయి. రాయి మీద చెక్కించినవి ఎక్కువగా యుద్ధాల కబుర్లు అనుకుంటాం. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని 1514లో గెలిచిన సంగతి మనందరికీ తెలుసు కాబట్టి అలా అనుకోవడం సహజం. శాసనాల్లో చాలా భాగం మాత్రం దానాల గురించి. ఒకరు గుడికి భూమి ఇచ్చారు. ఒకరు దీపం బాధ్యత తీసుకున్నారు. అంటే ఒక ఉత్సవం జరగాలంటే అందులో ఏ భాగం ఎవరిదో ముందే తేలాలి. నా పేరు మీద ఒక దీపం ఉంది అనుకున్న మనిషికి ఆ ఉత్సవం తనది అవుతుంది. పని లేని మనిషికి ఉత్సవం ఉండదు, తమాషా ఉంటుంది.

ఇప్పుడు ఒక కష్టమైన మాట చెప్పాలి. మన దగ్గర పెళ్లింటికంటే చావింట్లోనే మనుషులు ఎక్కువ దగ్గరగా కనిపిస్తున్నారు. ఇది గమనించారా? చావు కబురు తెలిసిందంటే పిలుపు అక్కర్లేదు. ఒకరు బంధువులకు ఫోన్లు చేస్తారు. ఒకరు కట్టెల సంగతి చూస్తారు. ఒకరు దూరం నుంచి వచ్చేవాళ్లను బస్టాండు నుంచి తీసుకొస్తారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, అందుకని పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు. ఏళ్ల తరబడి మాటలు లేని దాయాదులు కూడా వచ్చి పాడె పట్టుకుంటారు. ముస్లింల ఇంట్లో జనాజాకు భుజం మార్చుకుంటూ నడుస్తారు. క్రైస్తవుల ఇంట్లో రాత్రంతా కూర్చుని పాటలు పాడతారు. అదే మనుషులు, అదే వీధి. మరి ఈ దగ్గరతనం పెళ్లిలో ఎందుకు కనపడదు? దుఃఖం మనుషుల్ని కలుపుతుందని చెప్పి ఊరుకోవచ్చు. నాకు ఆ జవాబు చాలదు. చావింట్లో ఇంకా పని ఉంది. పెళ్లింట్లో పని లేదు. మన పల్లెల్లో చావును ఇంకా కాంట్రాక్టుకు ఇవ్వలేదు. తేడా అక్కడుంది. కరోనా కాలం గుర్తు చేసుకోండి. 2020లో పెళ్లికి 50 మందికి మించకూడదని, అంత్యక్రియలకు 20 మందికి మించకూడదని నిబంధన పెట్టారు. చాలా పెళ్లిళ్లు ఇంటి ముందే జరిగాయి. ఉన్న కొద్దిమందే కూరలు తరుక్కున్నారు, వడ్డించుకున్నారు. వాటిని లోటుగా తలుచుకునేవాళ్లు తక్కువ. చావు దగ్గర మాత్రం, వెళ్లలేకపోయామనే బాధ చాలామందిని ఇంకా వదల్లేదు. చూడలేకపోయామనే కాదు ఆ బాధ. ఒక చేయి వేయలేకపోయామని.

పని మనుషుల్ని ఎందుకు కలుపుతుందో చదువుకున్నవాళ్లు చెప్పిన కారణాలు కూడా ఉన్నాయి. అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలు మనుషులకు కాగితాలు ఇచ్చి కొంగ బొమ్మలు మడవమన్నారు. బొమ్మలు వంకరటింకరగా వచ్చాయి. అయినా చేసినవాళ్లు తమ బొమ్మకు ఎక్కువ వెల కట్టారు. చూసినవాళ్లకు అందులో విలువేమీ కనపడలేదు. మనం చేయి పెట్టినది మనకు విలువైనదవుతుంది. అంతే సంగతి. అంతకుముందే, 1925లో, ఫ్రాన్స్ దేశపు మార్సెల్ మోస్ అనే పండితుడు కానుకల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం, ఈ మూడూ కలిసి మనుషుల్ని కట్టి ఉంచుతాయని అతని వాదం. మన చదివింపుల పుస్తకం ఎరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఎవరు ఎంత చదివించారో రాసుకుంటాం. వాళ్లింట్లో కార్యం జరిగినప్పుడు ఆ పేజీ తీసి చూసుకుని, ఒక రూపాయి ఎక్కువ వేసి చదివిస్తాం. అది కష్టకాలంలో ఆదుకునే సొమ్ము కూడా, కాదనను. అయితే డబ్బు బాకీకి, పని బాకీకి ఒక తేడా ఉంది. డబ్బు బాకీ తీరిపోతుంది. అంకె అంకెకు సరిపోతే పేజీ కొట్టేస్తాం. మా అమ్మాయి పెళ్లికి మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడిన మనిషి బాకీని ఏ అంకెతో కొట్టేస్తాం? అది తీరదు. తీరదు కాబట్టే ఆ రెండిళ్ల మధ్య దారి మూసుకుపోదు.

ఈ వాదానికి అడ్డు చెప్పేవాళ్లున్నారు. వాళ్ల మాటల్లో బలం ఉంది. మొదటి మాట, సాధారణంగా అందరూ అనేది, 'డబ్బు పడేస్తే పనైపోతుంది, ఎవరినీ దేబిరించే అవసరం లేదు' అని. నిజమే, డబ్బుతో పని అవుతుంది. అయితే పనితో పాటు వచ్చేది డబ్బుతో రాదు. సోమశిలనే చూడండి. పెన్న మీద కట్టిన ఆ జలాశయం 78 టీఎంసీల నీళ్లు పట్టేది. దాని వల్ల మన జిల్లాకు ఎంత మేలు జరిగిందో చెప్పక్కర్లేదు. పైన కడప జిల్లా వైపు పల్లెలు మునిగాయి. ఇంటికి వెల కట్టారు, పొలానికి వెల కట్టారు, చెట్టుకు కూడా వెల కట్టారు. పరిహారం చాలిందా లేదా అన్నది వేరే చర్చ. అడగ్గానే గుండిగ ఇచ్చే ఇరుగుపొరుగుకు మాత్రం ఏ పట్టికలోనూ వెల లేదు. ఊరు చెదిరి తలో దిక్కు పోయినప్పుడు పోయేది ముందుగా అదే. మన ఊళ్లు మునగలేదు. మన చేతులతోనే ఆ ఇరుగుపొరుగును అవసరం లేనిదిగా చేసుకుంటున్నాం.

రెండో మాట ఇంకా బరువైనది. దీని దగ్గర కాసేపు ఆగుదాం. 'పాత పందిట్లో అందరూ కలిసి పని చేశారంటున్నారు, ఎవరు చేశారు, ఎవరు చేయించుకున్నారు?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ పందిట్లో పని పుట్టుకను బట్టి పంచి ఉండేది. దివిటీ పట్టే కులం ఒకటి, బట్టలు ఉతికే కులం ఒకటి, డప్పు కొట్టే కులం ఒకటి. డప్పు కొట్టినవాళ్లు పందిట్లోకి రాకూడదు, అందరూ తిన్నాక ఎక్కడో దూరంగా కూర్చుని తినాలి. ఇక ఆడవాళ్లు. పొగలో కళ్లు మండుతూ వండింది వాళ్లు. ఆఖరి బంతిలో అడుగంటింది తిన్నదీ వాళ్లే. మగవాళ్లు అరుగు మీద కూర్చుని పెత్తనం చేశారు. దీన్ని కలిసి పని చేయడం అనడం అన్యాయం. కల్యాణ మండపం వచ్చాక అందరూ ఒకే బల్ల మీద, ఒకే వరసలో తింటున్నారు. ఆడవాళ్లకు పొయ్యి చాకిరీ తప్పింది. ఇది చిన్న మేలు కాదు. దీన్ని పోగొట్టుకోమని నేను చెప్పను. పాత పద్ధతి తిరిగి రావాలనీ నేను కోరను.

మరి నేను కోరేదేమిటి? పని పుట్టుకతో అంటగట్టేది కాకుండా, ఇష్టంతో తీసుకునేది కావాలి. అలా కుదురుతుందా అంటే, కుదిరిన చోట్లున్నాయి. అమృతసర్ స్వర్ణ దేవాలయంలో లంగరు ఉంది. రోజూ వేలమందికి అన్నం పెడతారు. అక్కడ ఉల్లిపాయలు తరిగేవాళ్లలో వ్యాపారి ఉంటాడు, కూలీ ఉంటాడు, పెద్ద ఉద్యోగి ఉంటాడు. మగవాళ్లు రొట్టెలు వత్తుతారు, ఎంగిలి పళ్లేలు కడుగుతారు. తిన్న మనిషే లేచి వెళ్లి వడ్డిస్తాడు. అక్కడ పనికి కులం లేదు. అంత దూరం ఎందుకు, రొట్టెల పండుగలో నీకు రొట్టె ఇచ్చిన మనిషి కులమేమిటని ఎవరూ అడగరు. అంటే పనిలోంచి కులాన్ని తీసేయవచ్చు. పనినే తీసేయక్కర్లేదు. మనం చేసిన తప్పు అదేనని నాకనిపిస్తుంది. అన్యాయంగా పంచిన పనిని న్యాయంగా పంచుకోవలసింది పోయి, పనినే కాంట్రాక్టుకు ఇచ్చేశాం. ఇప్పుడు చేయవలసింది కూరలు తరిగే కత్తిపీట ముందు బావగారు కూర్చోవడం. వియ్యంకుడు నీళ్ల జగ్గు పట్టుకోవడం. డప్పు కొట్టిన మనిషిని మొదటి బంతిలో కూర్చోబెట్టి పెళ్లికొడుకు తండ్రి స్వయంగా వడ్డించడం. ఆడవాళ్లు ఆ రోజు హాయిగా కూర్చుని తినడం. ఇది పాత పెళ్లి కాదు. ఇప్పటిదాకా మన దగ్గర జరగని పెళ్లి.

'వంటవాళ్ల పొట్ట కొట్టమంటారా?' అని మరో ప్రశ్న. లేదండి. వంట మేస్త్రి పూర్వమూ ఉన్నాడు. వందలమందికి సాంబారు కాయడం అందరికీ చేతనయ్యే పని కాదు. మేస్త్రికి ఇవ్వవలసింది ఇవ్వండి. షామియానా వాళ్లు, లైట్ల వాళ్లు, బ్యాండు వాళ్లు మన ఊరివాళ్లే, వాళ్ల బతుకూ గడవాలి. నేనడిగేది వడ్డన, పిలుపులు, వచ్చినవాళ్లను చూసుకోవడం, ఈ మూడే. ఇవి డబ్బిచ్చి చేయించకూడనివి. బొట్టు పెట్టి పిలవడానికి ఇంటింటికీ వెళ్లే పనిని వాట్సాప్ కార్డు మింగేసింది. దూరాన ఉన్నవాళ్లకు కార్డు పంపండి, తప్పులేదు. ఒకే ఊళ్లో ఉన్న మేనత్త గడప తొక్కకుండా కార్డు పంపితే, ఆమె వచ్చినా అతిథిలాగే వస్తుంది.

'సెలవు ఒక్క రోజే, రాత్రి బస్సులో రావాలి, రాత్రి బస్సులో పోవాలి, పని ఎప్పుడు చేస్తాం?' అని బెంగళూరులో, హైదరాబాదులో ఉన్న పిల్లలంటారు. వాళ్ల ఇబ్బంది నిజమైనదే. పది రోజుల ముందు వచ్చి పసుపు దంచమని ఎవరూ అనరు. ఒక బంతి వడ్డించడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో పది సంవత్సరాలుగా చూడని మొహాలన్నీ ఆకుల ముందు వరసగా కూర్చుని కనిపిస్తాయి. 'ఎవరబ్బాయివి నాయనా' అని అడుగుతారు, చెప్పుకోవలసి వస్తుంది. 'ఇంకాస్త వేసుకో పెదనాన్నా' అనవలసి వస్తుంది. వేదిక ముందు వరసలో గంటసేపు నిలబడి ఫోటో దిగితే ఈ మాటలేవీ రావు.

ఇంకొక్క అభ్యంతరం ఉంది. బంధువులకు పని అప్పగిస్తే పోట్లాటలు వస్తాయంటారు. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పలేదని అలుగుతారు. పప్పులో ఉప్పు ఎక్కువైందంటే వండినవాళ్లు మొహం మాడ్చుకుంటారు. వస్తాయి, కాదనను. కాంట్రాక్టు వడ్డనలో అలకలుండవు. ఎందుకుండవు? అక్కడ ఎవరికీ ఎవరి మీదా హక్కు లేదు కాబట్టి. అలిగే మనిషి నన్ను లెక్కలోకి తీసుకోవాలి అని అడుగుతున్నాడు. అతన్ని బుజ్జగించి తీసుకురావడానికి ఇంకో పెద్దమనిషి వెళ్తాడు. అది కూడా పెళ్లి పనే. అలిగిన మనిషిని సాయంత్రానికి పందిట్లో కూర్చోబెట్టగల ఇల్లు, రేపు ఆస్తి తగాదా వచ్చినా కోర్టు మెట్లెక్కకుండా కూర్చుని మాట్లాడుకోగలదు. ఒక్కసారి కూడా పోట్లాడుకోని బంధువులు ఎందుకు పోట్లాడుకోలేదో ఆలోచించండి. చాలాసార్లు, వాళ్ల మధ్య పోట్లాడుకునేంత సంబంధం మిగల్లేదని తేలుతుంది.

వచ్చే ముహూర్తాల్లో మీ ఇంట్లో కార్యం ఉంటే, పిలవడానికి వెళ్లినప్పుడు 'తప్పకుండా రండి' అని చెప్పి ఊరుకోకండి. ప్రతి ఇంట్లోనూ ఒక పని చెప్పి రండి. పెద్దవాళ్లకు కూర్చుని చేసే పని, పిల్లలకు పరిగెత్తే పని. 'అబ్బాయ్, ఉదయం ఆరు గంటల బస్సుకు కడప వాళ్లు దిగుతారు, నువ్వే తీసుకురావాలి.' 'వదినా, తాంబూలాల దగ్గర నువ్వుండాలి, ఎవరినీ ఉత్తచేతులతో పంపకు.' 'బావా, మూడో బంతికి మజ్జిగ నీది.'